దొంగదెబ్బ వేరు, తొండి వేరు: డీ అండ్ డీలో అంబుష్ ఎలా నడపాలి

[తెర మీద: అడవి దారి మ్యాప్. దారి మధ్యలో నాలుగు బొమ్మలు. చుట్టూ పొదలు.]

డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ కథ నడిపే ఆట. అందులో అంబుష్ అంటే పొంచి ఉండి చేసే దాడి. నలుగురు ఫస్ట్ లెవెల్ క్యారెక్టర్లు అడవి దారిలో పోతున్నారు. ఉన్నట్టుండి డీఎమ్ (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) అన్నాడు: "పొదల్లోంచి నాలుగు బాణాలొచ్చాయి. విజార్డ్, నీ ఆర్మర్ క్లాస్ ఎంత?"

"12."

"రెండు తగిలాయి. 11 డ్యామేజ్. ఇప్పుడు అందరూ ఇనిషియేటివ్ వెయ్యండి. ఆ, మీరంతా సర్‌ప్రైజ్ అయ్యారు, మొదటి టర్న్ మీకు లేదు."

ఆర్మర్ క్లాస్ అంటే దెబ్బ తగలాలంటే కొట్టేవాడి డైస్ చేరాల్సిన అంకె. ఇనిషియేటివ్ అంటే ఎవరి వంతు ముందో తేల్చే డైస్. విజార్డ్‌కి, అంటే మంత్రగాడికి, ఉన్నవే 8 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). ఫైట్ మొదలు కాకముందే పడిపోయాడు. పైగా లెక్క చూడండి: ఇనిషియేటివ్‌కి ముందు ఒక విడత బాణాలు, మనవాళ్లు సర్‌ప్రైజ్‌లో ఉన్న మొదటి రౌండ్‌లో ఇంకో విడత, బాణాలేసిన గాబ్లిన్లకి (పొట్టి రాక్షసులకి) ఇనిషియేటివ్ ఎక్కువొస్తే రెండో రౌండ్ మొదట్లో మూడో విడత. పడిపోయినవాడికి తగిలే ప్రతి బాణం ఒక డెత్ సేవ్ (చావు తప్పించుకోవడానికి వేసే డైస్) ఫెయిల్ కింద లెక్క. మూడు ఫెయిల్ అయితే క్యారెక్టర్ షీట్ చించెయ్యడమే. ఆ కుర్రాడు ఇనిషియేటివ్‌కి తప్ప ఇంక దేనికీ డైస్ ముట్టుకోలేదు.

ఇలాంటప్పుడు టేబుల్ మీద వినిపించే మాట ఒకటే: "అన్నా, ఇది తొండి."

తొండే. దొంగదెబ్బ తియ్యడం తొండి కాదు. గాబ్లిన్లు ఎదురొచ్చి నమస్కారం పెట్టి కొట్టవు కదా. ఇక్కడ తొండి ఆ మొదటి విడత బాణాలు. రూల్స్‌లో అవి లేనే లేవు.

[తెర మీద: 1974, 2014, 2024 అనే మూడు పుస్తకాల బొమ్మలు.]

1974లో గైగాక్స్, ఆర్నెసన్ల మొదటి డీ అండ్ డీలో ఇది చాలా తేలిక. ఆరు ముఖాల డైస్ వెయ్యి, 1 గానీ 2 గానీ పడితే సర్‌ప్రైజ్ అయినట్టు. నువ్వు జాగ్రత్తగా నడిచావా, పాటలు పాడుకుంటూ నడిచావా, దానికి పట్టదు.

2014 రూల్స్‌లో లెక్క మారింది. దాక్కున్నవాళ్లు స్టెల్త్ (ఎంత బాగా దాక్కున్నారో తేల్చే డైస్) వేస్తారు. అది ఎదుటివైపు ఒక్కొక్కరి పాసివ్ పర్సెప్షన్‌తో, అంటే డైస్ వెయ్యకుండానే చుట్టూ గమనించే శక్తికి ఉన్న అంకెతో, పోల్చి చూడాలి. పొంచి ఉన్నవాళ్లలో ఒక్కణ్ణి కూడా గమనించలేకపోయినవాళ్లు మాత్రమే సర్‌ప్రైజ్ అవుతారు. అంటే రేంజర్‌కి (అడవి తెలిసినవాడికి) కనబడి క్లెరిక్‌కి (పూజారికి) కనబడకపోవచ్చు. "మీరంతా సర్‌ప్రైజ్" అని టోకున చెప్పడానికి లేదు. తర్వాత అందరూ ఒకేసారి ఇనిషియేటివ్. సర్‌ప్రైజ్ అయినవాళ్లు తమ మొదటి టర్న్‌లో కదలలేరు, యాక్షన్ చెయ్యలేరు. ఆ టర్న్ ముగిసేదాకా రియాక్షన్ (ఎదుటివాడి వంతులో చేసే ఎదురుపని) కూడా లేదు.

ఈ ఆఖరి వాక్యం చాలామంది డీఎమ్‌లు చదవరు. విజార్డ్‌కి ఇనిషియేటివ్ 19, గాబ్లిన్లకి 14 వచ్చాయనుకోండి. విజార్డ్ టర్న్ ఖాళీగా పోతుంది, నిజమే. కానీ పోయింది కాబట్టి రియాక్షన్ తిరిగొచ్చేసింది. 14 దగ్గర బాణం వచ్చేసరికి షీల్డ్ మంత్రం వేసుకోవచ్చు, ఆర్మర్ క్లాస్ 12 నుంచి 17కి పోతుంది. అదే విజార్డ్‌కి 9 వచ్చి ఉంటే షీల్డ్ లేదు, ఏమీ లేదు. సర్‌ప్రైజ్ అయినవాడికి కూడా ఇనిషియేటివ్ విలువ ఉంటుందన్నమాట. "సర్‌ప్రైజ్ రౌండ్" అని పేరు పెట్టి గాబ్లిన్లకి విడిగా ఒక రౌండ్ ఇచ్చేస్తే ఈ విలువ గంగలో కలిసిపోతుంది.

2024 పుస్తకం దీన్నంతా ఎత్తేసి ఒక్క ముక్కలో తేల్చింది: సర్‌ప్రైజ్ అయితే ఇనిషియేటివ్‌కి డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం), అంతే. టర్న్ పోదు. కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువున్న టేబుల్‌లో 2014 ఆట నడుపుతున్నా సరే, నేనైతే ఈ రూలే తెచ్చిపెట్టుకుంటాను. నాలుగ్గంటల సెషన్‌కి వచ్చినవాణ్ణి మొదటి టర్న్‌లో ఊరికే కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

[తెర మీద: నాలుగు డైస్, పక్కన ఒకే ఒక్క డైస్.]

ఇప్పుడు డైస్ ఎన్ని వెయ్యాలన్న సంగతి. 2014 గాబ్లిన్‌కి స్టెల్త్ ప్లస్ 6, అంటే 20 ముఖాల డైస్ మీద పడ్డదానికి 6 కలపాలి. మీ రేంజర్ పాసివ్ పర్సెప్షన్ 13 అనుకుందాం, సమానమైతే దాక్కున్నవాడిదే గెలుపనుకుందాం. గాబ్లిన్‌కి 1 నుంచి 6 దాకా ఏది పడినా దొరికిపోతుంది, అంటే 30 శాతం. నాలుగు గాబ్లిన్లకీ విడివిడిగా వేస్తే నలుగురూ దొరక్కుండా ఉండే అవకాశం 24 శాతమే. ఒక్కటి కనబడినా రేంజర్ సర్‌ప్రైజ్ కాడు. అదే గుంపంతటికీ కలిపి ఒకే డైస్ వేస్తే 70 శాతం.

ఏది న్యాయం? రెండూ న్యాయమే, క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) మొదట్లోనే ఒకటి ఎంచుకుని చెప్పేస్తే. గాబ్లిన్లు పొంచి ఉన్నప్పుడు ఒక డైస్, ప్లేయర్లు పొంచి ఉన్నప్పుడు ప్లేట్ ఆర్మర్ (ఇనుప కవచం) వేసుకున్న పాలడిన్ యోధుడితో సహా తలా ఒక డైస్ అంటే మాత్రం ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఇంకో చిక్కు. అంబుష్ ముందు "అందరూ పర్సెప్షన్ వెయ్యండి" అన్నారా, కథ కంచికే. అందరికీ తక్కువ పడుతుంది, అయినా అందరూ కత్తులు దూస్తారు. పాసివ్ ఉన్నది ఇందుకే. నలుగురి నంబర్లూ ఒక చీటీ మీద రాసి మీ ముందుండే అడ్డు స్క్రీన్ వెనక అతికించుకోండి. గాబ్లిన్ల స్టెల్త్ మాత్రం చాటుగా వెయ్యకండి. బాణాలొచ్చే క్షణంలోనే అందరి ముందూ వెయ్యండి. 17 పడటం కళ్లారా చూసినవాడు డైస్‌ని తిడతాడు, మిమ్మల్ని కాదు. 3 పడితే? రేంజర్‌కి పొదలో చెవి కనబడింది, అంతే. మీరు గంటసేపు కూర్చుని అల్లిన అంబుష్ పోతే పోయింది.

[తెర మీద: దారికి అడ్డంగా ఎద్దులబండి.]

అసలు న్యాయం డైస్ దగ్గర లేదు, డైస్‌కి ముందు పది నిమిషాల్లో ఉంది. ప్రయాణం మొదలైన ప్రతిసారీ మూడు ప్రశ్నలు అడగండి: ఎంత వేగంగా పోతున్నారు, ముందూ వెనకా ఎవరెవరు, ఎవరేం పని చేస్తున్నారు. 2014 రూల్స్‌లో గంటకి 4 మైళ్ల ఫాస్ట్ పేస్‌లో పోతే పాసివ్ పర్సెప్షన్‌లో 5 తగ్గుతుంది. గంటకి 2 మైళ్లే నడిస్తే వాళ్లే చాటుగా పోవచ్చు. దారి చూసేవాడు, మ్యాప్ గీసేవాడు, తిండి వెతికేవాడు, వీళ్ల పాసివ్ ప్రమాదం కనిపెట్టడానికి లెక్కలోకి రాదు. ఈ సంగతి అడిగినప్పుడే చెప్పండి: "ఫాస్ట్‌గా పోతే సాయంత్రానికి ఊరు చేరతారు, కానీ చుట్టూ గమనించడం తగ్గుతుంది." తెలిసి తొందరపడ్డవాడు బాణం తగిలితే మిమ్మల్నేమీ అనడు. అంబుష్ లేని రోజున కూడా ఈ ప్రశ్నలు అడగాలి, లేకపోతే ప్రశ్నే సైరన్ మోగినట్టవుతుంది.

తర్వాత ఒక ఆనవాలు. "ఎందుకో మీకు భయంగా ఉంది" అనడం ఆనవాలు కాదు, దాన్ని పట్టుకుని ఎవడూ ఏమీ చెయ్యలేడు. దారికి అడ్డంగా ఎద్దులబండి, ఎద్దులు లేవు, కాడి తాడు కత్తితో తెగ్గోసినట్టుంది, బండి కింద గడ్డి ఇంకా వాడిపోలేదు. ఇదీ ఆనవాలు. ఒకడు దిగి తాడు చూస్తాడు, ఒకడు చెట్లవైపు చూస్తాడు, ఇంకొకడు బండి ఎక్కి సామాను వెతుకుతాడు. ఎవడికి తగిన ఫలితం వాడికివ్వండి. చెట్లవైపు చూసినవాడికి నిజంగానే పర్సెప్షన్ వేసే అవకాశం రావాలి.

బలం కూడా సరిచూసుకోవాలి. 2014 డీఎమ్ పుస్తకం లెక్కన నలుగురు ఫస్ట్ లెవెల్ వాళ్లకి నాలుగు గాబ్లిన్లంటే మామూలుగానే డెడ్లీ. పార్టీ మొత్తం సర్‌ప్రైజ్ అయితే కష్టం ఒక మెట్టు పెంచి లెక్కెయ్యమని అదే పుస్తకం చెబుతుంది. డెడ్లీ పైన ఇంక మెట్టే లేదు. మూడు గాబ్లిన్లు పెడితే హార్డ్, సర్‌ప్రైజ్‌తో డెడ్లీ. రెండు పెడితే ఈజీ, సర్‌ప్రైజ్‌తో మీడియం. నన్నడిగితే పొదల్లో రెండే పెట్టి, మూడోది దూరంగా ఎద్దుల్ని తోలుకుపోతూ కనబడాలి. గాబ్లిన్లకి కావలసింది సామాను, విజార్డ్ ప్రాణం కాదు. నాలుగు బాణాలూ అతనికే ఎందుకు గురిపెడతాయి?

రాత్రి దాడుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. అశ్వత్థామ పాండవ శిబిరం మీద పడ్డ రాత్రి గుర్తుంది కదా, నిద్రలో ఉన్నవాళ్లకి ఆయుధం అందుకునే వ్యవధి కూడా లేదు. డీ అండ్ డీలో కూడా నిద్రంటే స్పృహ లేనట్టే: కొట్టేవాడికి అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి ఎక్కువది తీసుకోవడం), ఐదడుగుల లోపల నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్ (డ్యామేజ్ డైస్ రెట్టింపు). ప్లేట్ ఆర్మర్ తొడగడానికి 10 నిమిషాలు. కాబట్టి కాపలా ఎవరిదో, ఏ వేళలోనో ముందే రాయించుకోండి. వచ్చినవాళ్లు ముందు కాపలావాడి పాసివ్ దాటాలి. అతను ఒక్క కేక పెట్టగలిగితే చాలు, మిగతా వాళ్లు లేస్తారు. కాపలా పెట్టని పార్టీని మాత్రం నేను కాపాడను.

[తెర మీద: బల్లకి అటూ ఇటూ ప్లేయర్, కాపలా సైనికుడు.]

ఇక రివర్స్ కేసు, ఇదే ఎక్కువ గొడవ. కోట గుమ్మం దగ్గర సైనికుడితో బేరం నడుస్తోంది. మధ్యలో రోగ్ (దొంగ) ఆడేవాడు అరుస్తాడు: "నేను పొడిచేశా!" ఆగాలి. పొడవలేదు, పొడుద్దామనుకున్నాడు. సైనికుడు అతన్ని చూస్తూనే ఉన్నాడు, సర్‌ప్రైజ్ లేదు. ముందు ఇనిషియేటివ్. సైనికుడికి ఎక్కువొస్తే, చెయ్యి బాకు మీదికి పోవడం అతను చూశాడన్నమాట. కానీ ఇదే రోగ్ అరగంట కష్టపడి, దీపాలార్పి, పైకప్పు మీంచి దిగి, స్టెల్త్ 22 తెచ్చుకున్నాడనుకోండి. రోగ్‌లలో ఒక రకమైన 2014 అసాసిన్‌కి సర్‌ప్రైజ్ అయినవాడి మీద తగిలిన దెబ్బ క్రిటికల్. మీరు మూడు వారాలుగా పెంచుకొస్తున్న విలన్ ఆ ఒక్క దెబ్బకి పోవచ్చు. అప్పుడు "అతనికి అనుమానం వచ్చింది" అని అప్పటికప్పుడు కథ మార్చారా, ఈసారి తొండి మీది. హిట్ పాయింట్లు పెంచకండి, పక్క గదిలోంచి కొత్త కాపలాని పుట్టించకండి. విలన్ని పడనిచ్చి, శవం జేబులో ఏముందో చెప్పండి.