స్టూడియోలో ఖాళీ స్థలం ఇవ్వకండి

ఆర్కిటెక్చర్ బోధిస్తున్న మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన స్టూడియోల్లో, అంటే డిజైన్ నేర్పే తరగతుల్లో, ప్రాజెక్టు ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. విద్యార్థి చేతికి ఒక సైట్ ప్లాన్ ఇస్తాం. అందులో హద్దులు, ఉత్తర దిక్కు బాణం, నాలుగు చెట్లు ఉంటాయి. మిగతాదంతా తెల్ల కాగితం. ఆ స్థలంలో నిజంగా ఒక పాత భవనం ఉన్నా "అది లేదనుకుని డిజైన్ చెయ్యండి" అంటాం. ఏళ్ల తరబడి ఇలా నేర్చుకున్నవాళ్లకి భవనం కూల్చడం ఒక నిర్ణయం అని కూడా అనిపించదు. వాతావరణ మార్పు మీద ఎన్ని క్లాసులు పెట్టినా ఈ తెల్ల కాగితం ముందు అవన్నీ వీగిపోతాయని నా నమ్మకం.

సిమెంట్ సంగతే చూడండి. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7, 8 శాతం సిమెంట్ తయారీదే. సున్నపురాయి మిశ్రమాన్ని బట్టీలో దాదాపు 1,450 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. ఆ వేడి కోసం ఏ ఇంధనం వాడినా, రాయి విడిపోయేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. సిమెంట్ ఉద్గారాల్లో సగానికి పైగా అలా వచ్చేవే. అందుకే ఇంధనం మార్చినంత మాత్రాన సరిపోదు, సిమెంట్ వాడకమే తగ్గాలి. కాంక్రీట్ భవనంలో ఆ సిమెంట్ ఎక్కువగా పునాదుల్లో, కాలమ్‌లలో, స్లాబుల్లో ఉంటుంది. పాత భవనంలో సాధారణంగా గట్టిగా మిగిలి ఉండేవీ అవే.

"పాతది కూల్చి, తక్కువ కరెంటు వాడే కొత్తది కడితే మేలు కదా?" అని విద్యార్థులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మనం చెప్పకూడదు, లెక్క వాళ్ల చేతే వేయించాలి. కొత్త భవనం కట్టే రెండు మూడేళ్లలోనే పెద్ద మొత్తంలో కార్బన్ గాలిలోకి పోతుంది. ఆదా మాత్రం ఏటా కొంచెం కొంచెంగా, దశాబ్దాల పాటు వస్తుంది. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ ఆ ఆదా కూడా తగ్గుతూ పోతుంది. ఇంకో విషయం. కొత్తదాన్ని పోల్చాల్సింది పాడుబడ్డ పాత భవనంతో కాదు, బాగుచేసిన పాత భవనంతో. ఈ ఒక్క సవరణతోనే చాలా లెక్కలు మారిపోతాయి.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో గ్రాండ్ పార్క్ అనే చోట 1960లలో కట్టిన మూడు హౌసింగ్ బ్లాకులున్నాయి. మొత్తం 530 ఫ్లాట్లు. ఆన్ లకాటన్, జాన్ ఫిలిప్ వసాల్, మరి ఇద్దరు ఆర్కిటెక్టులతో కలిసి వాటిని కూల్చకుండా ముందువైపు 3.8 మీటర్ల లోతున్న కొత్త భాగాలు చేర్చారు. ఒక్కో ఇంటికీ అద్దాల వరండా, బాల్కనీ వచ్చాయి. పని జరుగుతున్నంత కాలం కుటుంబాలు తమ ఇళ్లలోనే ఉన్నాయి. లకాటన్, వసాల్ జంటనే 1996లో అదే నగరంలో లియోన్ ఒకోక్ అనే చిన్న కూడలిని అందంగా మార్చమంటే, అక్కడివాళ్లతో మాట్లాడి, చోటు ఇప్పటికే బాగుందని తేల్చారు. కంకర మార్చండి, చెట్లకు వైద్యం చేయండి, క్రమం తప్పకుండా శుభ్రం చేయండి అని మాత్రమే చెప్పారు. 2021లో వాళ్లకి ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆ కూడలి డిజైన్‌ని మన విద్యార్థి జ్యూరీకి, అంటే డిజైన్ చూసి మార్కులు వేసే బృందం ముందుకి, తెచ్చి ఉంటే మనం ఎన్ని మార్కులు వేసేవాళ్లం? దయచేసి ఆలోచించండి.

ఇది ఇళ్లకే పరిమితం కాదు. సిడ్నీలో 1970ల నాటి ఆఫీసు టవర్‌ని క్వే క్వార్టర్ టవర్‌గా మార్చినప్పుడు కాలమ్‌లు, బీములు, స్లాబుల్లో దాదాపు మూడింట రెండు వంతులు అలాగే ఉంచి, వాటి చుట్టూ పెంచుకుంటూ పోయారు.

అయితే పాత భవనంతో పనిచేయాలంటే దాన్ని చదవడం రావాలి. మన బోధనలో పెద్ద లోటు అక్కడే ఉంది. టేపు, లేజర్ మీటర్ పట్టుకుని కొలతలు తీయాలి. కాంక్రీట్ కొంచెం చెక్కి, స్కూల్ లాబ్‌లో చూసిన ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లించండి. గులాబీ రంగు వచ్చిన చోట కాంక్రీట్‌లో క్షారగుణం ఇంకా ఉంది, లోపలి ఇనుముకు రక్షణ ఉంది. రంగు రాకపోతే ఆ రక్షణ పోయింది, కాబట్టి తుప్పు వెతకాలి. స్లయిడ్లు చూపిస్తే రాని ఆసక్తి ఆ రంగు కనిపించిన క్షణంలో వస్తుంది.

కొన్ని భవనాలను నిజంగానే నిలబెట్టలేం. పునాది కుంగిపోయిందో, లోపలి ఇనుమును తుప్పు తినేసిందో తేలితే విద్యార్థి ఆ మాట ధైర్యంగా చెప్పాలి. కాకపోతే ఆధారాలతో చెప్పాలి.

అందుకే రాబోయే సెమిస్టర్‌కి నా విన్నపం ఇది. ప్రతి స్టూడియోకి నిలబడి ఉన్న ఒక భవనాన్నే సైట్‌గా ఇవ్వండి. కొలతల డ్రాయింగుకి, కార్బన్ లెక్కకి డిజైన్‌తో సమానంగా మార్కులు పెట్టండి. స్ట్రక్చర్స్ చెప్పే అధ్యాపకుల్ని చివరి జ్యూరీకి పిలవడం కాదు, మొదటి వారమే విద్యార్థులతో పాటు ఆ భవనంలోకి తీసుకెళ్లండి.