ఆర్‌ఎక్స్ 100లో ఆయిల్ పంపు తీయించకండి! 4 నెలలు టూటీ ఆయిల్ వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. మన సబ్‌స్క్రైబర్లు వాళ్ల బండ్లు చూపించే వీడియోలు చేస్తున్నాం కదా, ప్రతి దాని కింద ఒకరైనా "అన్నా, నీ బండి ఎప్పుడు చూపిస్తావ్" అని అడుగుతున్నారు. ఇదిగో, ఇదే. యమహా ఆర్‌ఎక్స్ 100, 1992 మోడల్. మా బాబాయ్ బండి. గాజువాక నుంచి స్టీల్‌ప్లాంట్ డ్యూటీకి ఏళ్ల తరబడి దీని మీదే వెళ్లారు. నాకు డిగ్రీ అయిన రోజు తాళం నా చేతిలో పెట్టారు.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ వీడియో ఇప్పుడు చేయడానికి కారణం ఈ 4 డబ్బాలు. టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజన్లలో వాడే ఆయిల్, తయారు చేసే ఒక కంపెనీ వాళ్లు 4 లీటర్లు ఫ్రీగా పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా చెప్పండి అలా చెప్పండి అని కూడా అనలేదు. వాడి చూశాకే మాట్లాడతానన్నాను, సరే అన్నారు. 4 నెలల్లో 2,800 కిలోమీటర్లు తిరిగాను, దాదాపు 2 లీటర్లు అయిపోయింది.

98 సీసీ, 11 హార్స్‌పవర్, 4 గేర్లు, ఈ లెక్కలన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. నేను చూపించాలనుకున్నది ఇంజన్ పక్కన ఈ చిన్న మూత కింద ఉంది. మూడు రోజుల క్రితం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఆర్‌ఎక్స్ కొన్నాను, మెకానిక్ ఆయిల్ పంపు తీసేద్దాం, పెట్రోల్లో కలిపి పోసుకో అంటున్నాడు, తీయించనా?" అని. తమ్ముడూ, ఈ వీడియో సగం నీ కోసమే.

మూత తీస్తున్నా. కెమెరా కొంచెం దగ్గరికి... ఆ, ఇదీ పంపు. యమహా దీనికి పెట్టిన పేరు ఆటోల్యూబ్. ఫోర్ స్ట్రోక్ బండిలో ఇంజన్ ఆయిల్ అడుగున నిలవ ఉంటుంది, అదే పైకి కిందికి తిరుగుతుంది. టూ స్ట్రోక్‌లో అలా కుదరదు. గాలి, పెట్రోలు ముందు ఇంజన్ అడుగున క్రాంక్ ఉన్న చోటికి వచ్చి, అక్కడి నుంచి పైకి వెళ్తాయి. అక్కడ ఆయిల్ నిలవ ఉంచలేం. అందుకే పెట్రోలుతో పాటే ఆయిల్ కూడా లోపలికి వెళ్లి, బేరింగులకీ పిస్టన్‌కీ పట్టి, చివరికి కాలిపోతుంది. మన వెనక వచ్చే ఆ నీలం పొగ అదే.

మా నాన్నగారి చేతక్ లాంటి స్కూటర్లు గుర్తున్నవాళ్లకి ఇంకో సంగతి కూడా గుర్తుంటుంది. నాన్నగారు బంకులో పెట్రోలు కొట్టించగానే టూటీ ఆయిల్ కొలిచి ట్యాంకులో పోయించేవారు. తర్వాత స్కూటర్‌ని పట్టుకుని అటూ ఇటూ నాలుగుసార్లు ఊపేవారు, ఆయిల్ బాగా కలవాలని. వెనక నిలబడి ఉన్న నన్ను కూడా ఊపమనేవారు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆర్‌ఎక్స్‌లో ఆ పని లేదు. ఆయిల్‌కి వేరే ట్యాంకు ఉంది, అందులో పోసి మూత పెట్టేస్తే మిగతాది పంపు చూసుకుంటుంది.

ఎలా చూసుకుంటుందో చూడండి. నేను యాక్సిలరేటర్ తిప్పుతున్నా, మీరు ఇక్కడ ఈ చిన్న చక్రాన్ని చూడండి. తిరుగుతోందా? యాక్సిలరేటర్ నుంచి వచ్చే కేబుల్ మధ్యలో రెండుగా చీలుతుంది. ఒకటి కార్బొరేటర్‌కి, ఒకటి ఈ పంపుకి. మీరు ఎంత తిప్పితే అంత ఎక్కువ ఆయిల్. అంతే కాదు, పంపు ఇంజన్‌తో పాటే తిరుగుతుంది, కాబట్టి ఇంజన్ స్పీడు పెరిగినా ఆయిల్ పెరుగుతుంది. ఈ రెండో మాట బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నా ఇంజన్ పోయింది దీని దగ్గరే.

ఆరేళ్ల క్రితం సంగతి. పంపు దగ్గర ఆయిల్ కారుతోందని ఒక షెడ్‌కి తీసుకెళ్లాను. ఆయన చూసి, "సీల్ పోయింది, ఇది పెద్ద తలనొప్పి, తీసేసి రేకు మూసేస్తా, పెట్రోల్లో కలుపుకోండి" అన్నాడు. సరేనన్నాను. రెండు నెలలు బండి బాగానే నడిచింది. నాకూ ధైర్యం వచ్చింది. ఒక ఆదివారం ఫ్రెండ్స్‌తో అరకు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్ దిగుతున్నాను. మూడో గేర్లో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి, ఇంజన్ బ్రేకింగ్‌తో దిగుతున్నా. పొడవాటి దిగుడు. ఒక్కసారిగా వెనక చక్రం పట్టేసింది. కీచుమని శబ్దం, బండి అడ్డం తిరగబోయింది. క్లచ్ మీద వేళ్లు పెట్టి నడపడం నాకు బాబాయ్ నేర్పిన అలవాటు. వెంటనే నొక్కాను, చక్రం వదిలేసింది, పక్కకి ఆపాను. కాళ్లు వణికాయి. ఎదురుగా బస్సు ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోబుద్ధి కాదు.

ఎందుకు పట్టేసింది? పెట్రోల్లో కలిపి పోస్తే ఆయిల్ వెళ్లే దారి పెట్రోలు దారే. ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలు చాలా కొంచెమే వెళ్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గిపోతుంది. కానీ వెనక చక్రం ఇంజన్‌ని తిప్పుతూనే ఉంది, వేలకు వేల ఆర్‌పీఎం. లోపల పిస్టన్ దాదాపు పొడిగా తిరుగుతోంది. అదే పంపు ఉంటే? యాక్సిలరేటర్ మూసినా, ఇంజన్ తిరుగుతున్నంత సేపూ కొంచెం కొంచెంగా ఆయిల్ వేస్తూనే ఉంటుంది. మీరు కలిపే పాళ్లు ఎంత కరెక్ట్‌గా ఉన్నా ఈ తేడా పోదు. పెట్రోల్లో కలిపే బండ్లు నడిపేవాళ్లు దిగుడులో మధ్య మధ్య యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి వదిలేది అందుకే. నాకు అది ఎవరూ చెప్పలేదు.

సిలిండర్ బోరు చేయించి, కొత్త పిస్టన్ వేయించి, పాత పంపు వెతికి పట్టుకుని, సీళ్లు మార్పించి మళ్లీ బిగించే సరికి మూడు నెలలు పట్టింది. పంపు దొరికింది రాజమండ్రిలో, పాత సామాన్లు అమ్మే ఒక ముసలాయన దగ్గర. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి దాచారు. "దీన్ని పారేసినవాళ్లే మళ్లీ నా దగ్గరికి వస్తారు బాబూ" అన్నారు.

మెకానిక్‌లు చెప్పే భయం పూర్తిగా తప్పని నేను అనను. పంపు ఆగిపోతే ఇంజన్ పోతుంది, నిజమే. అందుకే దాన్ని చూసుకోవాలి. ఆయిల్ ట్యాంకు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవ్వనివ్వకండి. ఖాళీ అయితే పైపులోకి గాలి వెళ్తుంది, తర్వాత ఆయిల్ పోసినా పంపు లాగదు. ఇక్కడున్న ఈ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి ఆయిల్ మాత్రమే వచ్చేదాకా వదిలి, మళ్లీ బిగించాలి. అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాల పనికి భయపడి పంపునే తీసేయడం ఏంటి, చెప్పండి? నాకు నిజంగా కోపం వస్తుంది.

సరే, ఇప్పుడు ఈ ఆయిల్. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని ఉంది. జాసో అంటే జపాన్ వాళ్ల ఆయిల్ నాణ్యత ప్రమాణం. అందులో ఎఫ్‌డీ తక్కువ పొగ, తక్కువ మసి ఉండే గ్రేడు. ఇంతకు ముందు నేను వాడింది దీని కింది గ్రేడు, ఎఫ్‌సీ. పొగలో తేడా కనిపించింది. పొద్దున్నే మొదటి కిక్‌కి వచ్చే పొగ ఉంటుంది కదా, పక్కింటి పెద్దమ్మ కిటికీ మూసేది. ఇప్పుడు మూయట్లేదు. నిన్న స్పార్క్ ప్లగ్గు తీశాను, చూడండి, టీ రంగులో ఉంది, నల్లగా తడిగా లేదు. సైలెన్సర్ లోపలి గొట్టం కూడా బయటికి లాగాను. కార్బన్ ఉంది, కానీ వేలితో రుద్దితే ఊడిపోతోంది. పాత ఆయిల్‌తో అయితే స్క్రూడ్రైవర్ పెట్టి గీకాల్సి వచ్చేది.

నచ్చని విషయం ఒక్కటే, కానీ బాగా చిరాకు పెట్టింది. ఈ డబ్బా మూతి. ఇంత వెడల్పు మూతి పెట్టి, ఆర్‌ఎక్స్ ఆయిల్ ట్యాంకు ఇంత చిన్న రంధ్రంలో ఎలా పోయాలి? మొదటిసారి సగం ఫ్రేమ్ మీద పడింది. గరాటు వాడితే కానీ కుదరదు. టూ స్ట్రోక్ బండ్ల కోసమే అమ్ముతున్నప్పుడు ఆ బండి ముందు నిలబడి ఒక్కసారైనా పోసి చూడాలి కదా. కంపెనీ వాళ్లకి మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

అయినా సరే, ఈ 4 డబ్బాలు అయిపోయాక నా డబ్బులతో ఇదే కొంటాను.

ఇక ఆర్‌ఎక్స్ కొనాలనుకునేవాళ్లకి. ఇది 1996లోనే తయారీ ఆగిపోయిన బండి, కాబట్టి ఆర్‌సీ రెన్యూ అయి ఉందో లేదో ముందు చూడండి. "జపాన్ ఇంజన్ సార్" అని రేటు పెంచుతారు, ఆ మాట విని తొందరపడకండి. రంగు, క్రోమ్ తర్వాత. ముందు ఆ చిన్న మూత తీయించి, యాక్సిలరేటర్ తిప్పి చూడండి. చక్రం తిరిగితే మాట్లాడండి. అక్కడ పంపు బదులు రేకు ముక్క ఉంటే, బోరు ఖర్చు తగ్గించి బేరమాడండి, లేదా వేరే బండి చూసుకోండి.

దూరాలకి నా దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఉంది. లంబసింగి అయినా, శ్రీశైలం అయినా దాని మీదే వెళ్తాను, చాలా ఇష్టంగా నడుపుతాను. కానీ సాయంత్రం బీచ్ రోడ్డుకి మాత్రం ఈ తాళమే తీస్తాను.

తమ్ముడూ, నీ పంపు ఇంకా బండిలోనే ఉందని అనుకుంటున్నా. ఉంటే ఫొటో పంపించు, వచ్చే వీడియోలో నీ బండే.

మైక్ సైలెన్సర్ దగ్గర పెడుతున్నా. పెట్రోలు ఆన్. చోక్ అక్కర్లేదు, పొద్దున ఒకసారి తిరిగింది. కిక్ కొడుతున్నా, ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.