అమ్మకు కాగితాలు చదివి పెట్టిన పిల్లకు గ్రంథాలయం ఏమి నేర్పాలి?

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క మాటతో మొదలుపెడతాను. నొటారియో.

అమెరికాలో స్పానిష్ మాట్లాడేవారు ఎక్కువగా ఉండే వీధుల్లో, పన్నుల పత్రాలు నింపిపెట్టే చిన్న దుకాణాల బోర్డుల మీద ఈ మాట చాలాకాలంగా కనిపిస్తోంది. మెక్సికోలో నొటారియో పూబ్లికో అంటే న్యాయశాస్త్రం చదివి, పరీక్ష నెగ్గి, ప్రభుత్వ నియామకం పొందిన న్యాయవేత్త. ఇల్లు అమ్మినా, వీలునామా రాసినా ఆయన దగ్గరికి వెళ్లాల్సిందే. అమెరికాలో నోటరీ పబ్లిక్ పని అంత పెద్దది కాదు. సంతకం పెట్టింది ఫలానా మనిషేనని ధ్రువీకరించి ముద్ర వేయాలి. చాలా రాష్ట్రాల్లో దానికి న్యాయశాస్త్ర పట్టా అక్కర్లేదు. రెండు దేశాల్లోనూ మాట దాదాపు ఒకటే, దాని వెనుక ఉన్న అధికారం మాత్రం వేరు. ఆ తేడా తెలియని వలస కుటుంబాలు తమ దరఖాస్తులను ఈ పేరు పెట్టుకున్న మోసగాళ్ల చేతిలో పెట్టి, కూడబెట్టుకున్న డబ్బు పోగొట్టుకున్నాయి. తప్పుడు దరఖాస్తుల వల్ల కొందరికి దేశంలో ఉండే దారే మూసుకుపోయింది. చివరికి న్యాయవాది కాని నోటరీ తన గురించి ఆ స్పానిష్ మాట వాడుకోకూడదని టెక్సాస్, కాలిఫోర్నియా చట్టాలే చెప్పాల్సి వచ్చింది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల గురించి చెబుతానని ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, లాటినో విద్యార్థులకు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల పిల్లలకు, సమాచార అక్షరాస్యత నేర్పడానికి ఇంతకంటే మంచి మొదటి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

సమాచారం ఎప్పుడు అవసరమో గుర్తించడం, దాన్ని వెతికి పట్టుకోవడం, నమ్మవచ్చా లేదా అని తూచడం, న్యాయంగా వాడుకోవడం, వీటన్నిటినీ కలిపి సమాచార అక్షరాస్యత అంటున్నాం. 1974లో అమెరికా సమాచార పరిశ్రమ సంఘం అధ్యక్షుడు పాల్ జుర్కౌస్కీ ఈ మాటను ముందుకు తెచ్చారు. అమెరికా కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం 2016లో దీనికొక బోధన చట్రాన్ని ఆమోదించింది. అందులో ఆరు మూలభావాలు ఉన్నాయి. మనకు ఈ రోజుకు మొదటిది చాలు. ప్రామాణికత ఆకాశం నుంచి ఊడిపడదు, దాన్ని ఒక సమాజం నిర్మించుకుంటుంది, సందర్భం మారితే అదీ మారుతుంది. ఇదీ ఆ భావం. తరగతిలో దీన్ని పరిశోధన పత్రికకూ వార్తాపత్రికకూ తేడా చూపించి వివరిస్తుంటారు. 18 ఏళ్ల విద్యార్థికి ఆ రెండూ ఒకేలా దూరం. నొటారియో అనండి, ఆ తరగతిలో ఎవరో ఒకరు తలెత్తుతారు. ఆ మాట విలువ ఏమిటో వాళ్ల పిన్నికో మేనమామకో తెలిసే ఉంటుంది.

ఈ విద్యార్థులు ఎంతమంది? 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో హిస్పానిక్ లేదా లాటినో అని చెప్పుకున్నవారు 6 కోట్ల 21 లక్షలు, మొత్తం జనాభాలో 18.7 శాతం. పట్టాకు చదివే విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్ విద్యార్థులున్న విద్యాసంస్థలకు అక్కడి చట్టంలో ప్రత్యేక గుర్తింపు ఉంది. మన పిల్లలు ఎం.ఎస్. చదవడానికి గుంపులు గుంపులుగా వెళ్లే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్, ఈ మూడూ ఆ గుర్తింపు ఉన్నవే. అంటే ఈ క్షణాన నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం ఉన్న డెంటన్‌లో గ్రంథాలయం బల్ల దగ్గర మన వరంగల్ అబ్బాయి పక్క కుర్చీలో కూర్చున్నది బహుశా ఈ విద్యార్థినే కావచ్చు.

లాటినో అనగానే అందరూ ఒకటే అనుకోకూడదు. ప్యూర్టోరికో నుంచి వచ్చినవారు 1917 నుంచి అమెరికా పౌరులే. టెక్సాస్‌లో కొన్ని కుటుంబాలు అది అమెరికాలో కలవకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. ఇంట్లో మిశ్‌తెక్, కిచే వంటి ఆదివాసీ భాషలు మాట్లాడుతూ, స్పానిష్‌నే రెండో భాషగా నేర్చుకున్నవారు ఉన్నారు. స్పానిష్ ఒక్క ముక్క రాని మూడో తరం పిల్లలూ ఉన్నారు. ముఖం చూసి, ఇంటిపేరు చూసి స్పానిష్ కరపత్రం చేతిలో పెట్టే లైబ్రేరియన్ ఎంత ప్రేమతో ఆ పని చేసినా, ఆ పిల్లకు చివుక్కుమంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతికి వస్తాను. వలస కుటుంబాల్లో పెద్ద పిల్ల తొమ్మిదో పదో ఏట నుంచే ఇంటికి దుబాసీ. ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది అమ్మకు చెప్పాలి. అమ్మ నొప్పి డాక్టరుకు చెప్పాలి. ఇంటి యజమాని పంపిన నోటీసు, బ్యాంకు ఉత్తరం, బడి నుంచి వచ్చిన ఫారం అన్నీ ఆ పిల్లే చదవాలి. ఏ వాక్యం ముఖ్యమో పట్టుకోవాలి. ఏది బెదిరింపో, ఏది మామూలు హెచ్చరికో తేల్చాలి. అర్థం కానిది ఎవరిని అడగాలో తెలుసుకోవాలి. నాన్న ఫోనుకు బంధువుల వాట్సాప్ బృందం నుంచి వచ్చిన వార్త నిజమా అని అడిగేదీ ఆ పిల్లనే. మన ఊళ్లలో ఒకప్పుడు బడికి వెళ్లే పిల్లవాడు వాడకట్టు మొత్తానికి ఉత్తరాలు చదివి పెట్టినట్టే. కాకపోతే ఇక్కడ ఒక్క పదం తప్పు అర్థం చేసుకుంటే ఇల్లు ఖాళీ చేయాల్సి రావచ్చు.

ఇలాంటి పిల్ల విశ్వవిద్యాలయానికి వస్తుంది. మొదటి సంవత్సరం రచన తరగతి నుంచి ఒక్క పీరియడు లైబ్రేరియన్‌కు ఇస్తారు. వాళ్ల వృత్తి భాషలో దాన్ని వన్ షాట్ అంటారు. ఆ కాసేపట్లో డేటాబేసులు చూపించాలి, వెతికే పద్ధతి చెప్పాలి, మూలాలను ఉదహరించే తీరు చెప్పాలి. లైబ్రేరియన్ ఆదరాబాదరాగా తెర మీద బటన్లు నొక్కుతూ పోతారు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి పదేళ్లుగా సమాచారాన్ని తూచి బతికిన మనిషి అని ఆ గదిలో ఎవరికీ తట్టదు. ఆమెకు కూడా తట్టదు. తనకు ఏమీ రాదనే అనుకుంటుంది, సహాయ కేంద్రం దగ్గరికి వెళ్లి అడగడానికి సిగ్గుపడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. లోటు ఉన్నది ఆమెలో కాదు, ఆమెకు వచ్చినదాన్ని అడగని పాఠంలో.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. అరిజోనాలోని టూసాన్‌లో విద్యా పరిశోధకులు లూయిస్ మోల్, నోర్మా గొన్సాలెస్, వారి సహచరులు బడి పంతుళ్లను విద్యార్థుల ఇళ్లకు పంపారు. తప్పులు వెతకడానికి కాదు, నేర్చుకోవడానికి. మెక్సికన్ కార్మిక కుటుంబాల్లో వ్యవసాయం, గనుల పని, ఇళ్ల నిర్మాణం, మూలికా వైద్యం, వ్యాపార లెక్కలు, ఇంత జ్ఞానం ఉందని, బడి దాన్ని వాడుకోవడం లేదని 1992లో రాశారు. దానికి వారు పెట్టిన పేరు జ్ఞాన నిధులు. అంతకు 20 ఏళ్లకు ముందే, 1971లో, ఆర్నుల్ఫో ట్రెహో స్పానిష్ మాట్లాడేవారికి గ్రంథాలయ సేవలు అందాలని రిఫోర్మా అనే సంఘాన్ని స్థాపించారు. మెక్సికోలో పుట్టిన ఆయన పనిచేసినదీ టూసాన్‌లోనే, అరిజోనా విశ్వవిద్యాలయంలో.

సరే, పాఠం ఎలా ఉండాలి? మాటల నుంచే మొదలుపెట్టవచ్చు. స్పానిష్‌లో లిబ్రేరియా అంటే పుస్తకాల దుకాణం. గ్రంథాలయాన్ని బిబ్లియోతెకా అంటారు. ఇంగ్లిష్ లైబ్రరీ అన్న మాట ఇంట్లో పెద్దవారి చెవికి దుకాణంలా వినిపించవచ్చు. అక్కడ డబ్బు కట్టనక్కర్లేదని, ప్రశ్న అడిగితే ఎవరూ తక్కువగా చూడరని మొదటి నిమిషంలోనే నోరు తెరిచి చెప్పాలి.

తర్వాత వెతకడం. ఒక విద్యార్థి తన తాతగారి తరం గురించి రాయాలనుకున్నాడనుకోండి. లాటినో అని కొడితే ఏమి దొరుకుతుంది? 1930 జనాభా లెక్కల్లో మెక్సికన్ అన్నది ఒక జాతిగా రాశారు, 1940లో తీసేశారు. 1950, 1960 లెక్కల్లో నైరుతి రాష్ట్రాలు ఐదింటిలో స్పానిష్ ఇంటిపేరు ఉన్నవారిని విడిగా లెక్కించారు. 1970లో హిస్పానిక్ మూలాల గురించి కొద్దిమంది నమూనాను మాత్రమే అడిగారు. 1980లో అందరినీ అడిగారు. అంటే తాతగారు అదే ఇంట్లో ఉన్నారు, లెక్కల్లో మాత్రం ఆయన పేరు మారుతూ వచ్చింది. ఏ కాలంలో ఏ మాటతో వెతకాలో తెలియకపోతే ఆయన దొరకరు. పక్కన చికానో, మెక్సికన్ అమెరికన్, లాటిన్‌ఎక్స్ కూడా చేర్చుకోవాలి. ఇంత చరిత్ర చెప్పాక, పర్యాయపదాలను కలిపి వెతకండి అన్న సూచన ఆ విద్యార్థికి యాంత్రికంగా వినిపించదు.

పేర్ల గొడవ మరొకటి ఉంది, ఇది మనకు బాగా అర్థమవుతుంది. స్పానిష్ సంప్రదాయంలో రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ముందు నాన్నగారిది, తర్వాత అమ్మగారిది. అక్షరక్రమంలో మొదటిదాన్ని చూడాలి. చివరి మాటే ఇంటిపేరు అనుకునే కంప్యూటర్ వ్యవస్థలో ఆ రచయిత అమ్మగారి ఇంటిపేరు కింద పడిపోతారు. ఇంటిపేరు ముందు రాసుకునే మనం ఆ దేశపు ఫారాల్లో పడే తంటా ఇదే. కాబట్టి ఉదహరించే పద్ధతిని కామాల చోటుగా కాక, ఒక మనిషి పేరును సరిగా పలకడంగా నేర్పితే బాగుంటుంది.

ఇక డార్ట్‌మత్ కళాశాల సంగతి. అక్కడ గ్రంథాలయంలో వెతుకుతున్న వలస కుటుంబాల విద్యార్థులకు కేటలాగులో ఒక విషయ శీర్షిక కనిపించింది. ఇల్లీగల్ ఏలియన్స్. చట్టవిరుద్ధమైన పరాయివాళ్లు అని. తమ గురించి, తమ తల్లిదండ్రుల గురించి ఉన్న పుస్తకాలు ఆ పేరు కింద ఉన్నాయి. ఆ శీర్షికలను నిర్ణయించేది వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. విద్యార్థులు 2014లో తమ కళాశాల లైబ్రేరియన్లతో కలిసి దాన్ని మార్చమని కోరారు. మొదట కుదరదన్నారు. 2016లో మారుస్తామన్నారు. అప్పుడు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యులు కొందరు అడ్డుపడ్డారు, గ్రంథాలయ శీర్షిక ఒకటి చట్టసభలో రాజకీయమై కూర్చుంది. ఈలోగా కొన్ని గ్రంథాలయాలు తమ కేటలాగుల్లో సొంతంగా మార్చుకున్నాయి. 2021 నవంబరులో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ శీర్షికను వదిలి, పౌరులు కానివారు, చట్టవిరుద్ధ వలస అనే రెండు శీర్షికలను తెస్తున్నట్టు ప్రకటించింది. రెండో దానితో అందరూ తృప్తిపడలేదు. నాకూ అది సగం పనిగానే కనిపిస్తుంది. కానీ ఆలోచించండి, పుస్తకం వెతకడానికి వచ్చిన విద్యార్థులు ఆ పుస్తకాన్ని ఏ పేరుతో పిలవాలనే ప్రశ్నను దేశ రాజధాని దాకా తీసుకువెళ్లారు. ఏ గ్రంథాలయ తరగతిలోనైనా ఈ కథకు పావుగంట కేటాయించవచ్చు.

మరి నొటారియో దగ్గర మొదలైన పాఠానికి ఇంటిపని ఏమి ఇవ్వాలి? వలస వ్యవహారాల్లో సలహా ఇవ్వడానికి అనుమతి ఉన్న సంస్థల, ప్రతినిధుల జాబితాను అమెరికా న్యాయశాఖ అందరికీ అందుబాటులో ఉంచుతుంది. లైసెన్సు ఉన్న న్యాయవాదుల పేర్లను రాష్ట్రాల బార్ సంఘాల దగ్గర చూడవచ్చు. విద్యార్థులను ఈ రెండూ తెరవమనండి, తమ వీధిలోని ఒక బోర్డు మీది పేరును అందులో వెతకమనండి. దొరికినా దొరకకపోయినా, ఎలా వెతికారో ఒక పేజీ ఇంగ్లిష్‌లో రాయమనండి. అదే పేజీని అమ్మకు ఆమె భాషలో చదివి వినిపించి, ఆమె అడిగిన ప్రశ్నలను కింద చేర్చి తీసుకురమ్మనండి.