చీలమండ ఎక్స్-రేలో పగులుతో పాటు ఏం చూడాలి?

[దృశ్యం: విజయవాడ దుర్గా ఘాట్, తడిసిన మెట్లు]

మెట్టు మీద కాలు జారి చీలమండ మెలిపడింది. గంటలోపే వాచిపోయింది. "నడుస్తున్నాడుగా, బెణుకే అయి ఉంటుంది" అంటారు ఒకరు. "పుత్తూరు కట్టు వేయిద్దాం" అంటారు ఇంకొకరు. దయచేసి ఆగండి. విరిగిన చీలమండతోనూ కొందరు నడవగలరు.

[దృశ్యం: కాలి బొమ్మ, రెండు పక్కలా ఎముక గుబ్బలు]

ఎక్స్-రే ఎప్పుడు అవసరమో తేల్చేందుకు కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో కొన్ని నియమాలు ప్రకటించారు. చీలమండ నొప్పి ఉన్నప్పుడు, గుబ్బల కొసన గానీ, వాటి వెనుక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల లోపు గానీ ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలినప్పుడూ ఆసుపత్రిలోనూ 4 అడుగులు వేయలేకపోయినా ఎక్స్-రే తీయాలి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారి విషయంలో మాత్రం ఈ నియమాలను నమ్ముకోకూడదు.

[దృశ్యం: మూడు ఎక్స్-రేలు పక్కపక్కన]

ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి. మూడోది కాలిని 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పి తీసేది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. వడ్రంగి తొలిచిన గాడిలో మరో కొయ్య బిగిసినట్టు, కాలి ఎముకల మధ్య తాలస్ అనే ఎముక అమరి ఉంటుంది. లోపలి వైపు గుబ్బకూ తాలస్‌కూ మధ్య సందు సాధారణంగా 4 మిల్లీమీటర్లు దాటదు. దాటితే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, అంటే లిగమెంటు, తెగిందేమోనని అనుమానించాలి. తాలస్ 1 మిల్లీమీటరు బయటికి జరిగితే కీలులో ఎముకలు ఆనుకునే వైశాల్యం సగటున 42 శాతం తగ్గుతుందని 1976లో మృతదేహాల కాళ్లపై చేసిన ప్రయోగంలో తేలింది. పగులు చిన్నదే అయినా ఈ సందును కొలవాల్సింది అందుకే. అనుమానం తీరకపోతే, వైద్యులు సరేనంటే, నిలబెట్టి బరువు మోపించి మళ్లీ తీస్తారు.

[దృశ్యం: చీలమండ నుంచి మోకాలి దాకా కదిలే బాణం]

ఇంకో సంగతి. నొప్పి చీలమండ లోపలి వైపు ఉండి, కాలి బయటి వైపు సన్నటి ఎముక ఫిబ్యులా మాత్రం మోకాలి దగ్గర విరగవచ్చు. చీలమండ ఫిల్ములో అది కనిపించదు. కాబట్టి పైదాకా నొక్కి చూడాలి. నొప్పి ఉంటే మోకాలి దాకా కాలు మొత్తానికీ ఎక్స్-రే తీయాలి.

చీలమండ వెనుక విరిగిన ముక్క ఎంత పెద్దదో, ఎటు జరిగిందో తెలియడానికి సీటీ, మృదులాస్థికి, లిగమెంట్లకు ఎమ్మారై. ఇవి అందరికీ అక్కర్లేదు.

[దృశ్యం: పిండికట్టు వేసిన కాలు]

గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించుకున్నా, మీ ఊరి వైద్యుడి దగ్గర కట్టు వేయించుకున్నా, మళ్లీ ఎక్స్-రేకి రమ్మన్న రోజున తప్పక వెళ్లండి. వాపు తగ్గేసరికి కట్టు వదులై ఎముక పక్కకు జరగవచ్చు. అది అతుక్కోకముందే కనిపెడితే సరిచేయడం తేలిక.