నర్సుల నియామకం: ప్రకటనలో ఒకటి, డ్యూటీ చార్టులో మరొకటి

వ్యాఖ్యాత: నమస్కారం. నర్సులు కావాలంటూ ఆసుపత్రులు ప్రకటనల మీద ప్రకటనలు ఇస్తున్నాయి. చేరినవారిలో చాలామంది ఏడాది తిరగకముందే వెళ్లిపోతున్నారు. ‘మంచి యజమాని’ అన్న పేరు తెచ్చుకుంటే ఈ వలస ఆగుతుందా? హెచ్‌ఆర్ అధికారి గారూ, మీరు చెప్పండి.

హెచ్‌ఆర్ అధికారి: తగ్గుతుంది. సరుకుకు ఉన్నట్టే కొలువుకూ బ్రాండు ఉంటుందని మార్కెటింగ్ నిపుణులు టిమ్ ఆంబ్లర్, సైమన్ బారో 1996లోనే ఒక వ్యాసంలో వివరించారు. 2023 నాటికి ప్రపంచంలో ఇంకా 58 లక్షల మంది నర్సులు తక్కువగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక చెబుతోంది. ఇప్పుడు ఎంచుకునేది మేము కాదు, వాళ్లు.

స్టాఫ్ నర్సు: ఎంచుకునే ముందు మేము వెబ్‌సైట్ చూడం సార్. అక్కడ పనిచేస్తున్న స్నేహితురాలికి ఫోను చేస్తాం. రాత్రి డ్యూటీలో ఒక్కొక్కరికి ఎంతమంది రోగులు? అడిగితే సెలవు దొరుకుతుందా? డాక్టరు కసిరితే ఇన్‌ఛార్జి మన పక్షాన నిలబడుతుందా? ఇంతే.

నర్సింగ్ సూపరింటెండెంట్: ఆ మొదటి ప్రశ్న చాలా బరువైనది. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం చూడండి. నర్సుకు ఒక్కో రోగి అదనమయ్యే కొద్దీ, శస్త్రచికిత్స చేయించుకున్నవారు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సులు డస్సిపోయే అవకాశం 23 శాతం ఎక్కువగా కనిపించాయి.

వ్యాఖ్యాత: అంటే ప్రచారమంతా దండగేనా మేడమ్?

సూపరింటెండెంట్: దండగ అనను. ముందు చేయవలసింది వెనక చేస్తున్నాం. అమెరికాలో కొరత తీవ్రంగా ఉన్న కాలంలో అక్కడి నర్సింగ్ అకాడమీ వింత పని చేసింది. నర్సులు ఎందుకు వెళ్లిపోతున్నారని కాకుండా, కొన్నిచోట్ల ఎందుకు ఉండిపోతున్నారని అడిగింది. 163 ఆసుపత్రులను పరిశీలించి, నర్సులు ఉండిపోయేవి 41 అని తేల్చింది. 1983లో వచ్చిన ఆ అధ్యయనం వాటిని అయస్కాంతాలతో పోల్చింది. నర్సింగ్ బాగున్న ఆసుపత్రులకు ఇచ్చే నేటి ‘మాగ్నెట్’ (అయస్కాంతం) గుర్తింపునకు మూలం అదే. తగినంత సిబ్బంది, అనువైన పనివేళలు, నర్సింగ్ అధిపతి మాటకు యాజమాన్యం దగ్గర విలువ. ఆ పేరు వీటితో వచ్చింది.

హెచ్‌ఆర్ అధికారి: ఆ గుర్తింపు ఖర్చు చిన్న ఆసుపత్రులు భరించలేవు మేడమ్.

సూపరింటెండెంట్: గుర్తింపు పత్రం లేకపోయినా ఫరవాలేదు. డ్యూటీ చార్టు నెల ముందే గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

స్టాఫ్ నర్సు: అంటించాక మర్నాడే దాన్ని మార్చకుండా ఉండటానికి ఎంతవుతుంది? (నవ్వులు) ఒకచోట ఆరు వారాల శిక్షణ ఇస్తామని చేర్చుకుని, నాలుగో రోజునే ఐసీయూలో ఒంటరిగా నిలబెట్టారు. వాళ్ల ప్రకటనలో నా ఫొటో ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. నేను ఐదో నెలలోనే వచ్చేశాను.

హెచ్‌ఆర్ అధికారి: ఒప్పుకుంటాను. వెళ్లిపోవడానికి కారణాలు రాయమని మేము కాగితం ఇచ్చేది కూడా మానేసే రోజునే. అప్పుడు నిజం ఎవరు రాస్తారు? అనుభవ ధ్రువపత్రం మా చేతిలోనే ఉంటుంది కదా. మూడో నెలలోనే కూర్చోబెట్టి అడగాలి.

వ్యాఖ్యాత: ఎవరు అడగాలి? ఇన్‌ఛార్జేనా?

సూపరింటెండెంట్: ఆ వార్డుతో సంబంధం లేనివారు.

స్టాఫ్ నర్సు: ఎవరైనా సరే మేడమ్, రాత్రి డ్యూటీ దిగిన వెంటనే మాత్రం పిలవకండి.