ఒక గ్లాసు నీళ్లు, అనేక శాస్త్రాలు

శ్రోతలకు నమస్కారం.

ఉపన్యాసకుడి ముందు బల్ల మీద గ్లాసుతో నీళ్లు పెట్టడం మన సభల్లో ఆనవాయితీ. గొంతు తడుపుకోవడానికి పెట్టే ఆ నీళ్ల గురించే మన నల్లగొండలో ఏడాది పొడుగునా ఉపన్యాసాలు ఇప్పించవచ్చు, ఒక్కోసారి ఒక్కో శాఖ చేత. విశ్వవిద్యాలయంలో అన్ని శాఖలు ఎందుకున్నాయో బయటివారికి తెలియజెప్పడానికి నాకు ఇంతకంటే మంచి దారి తోచదు.

మొదటి మాట భూగర్భశాస్త్రానిది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడు అందులోకి దిగుతుంది. వానలు తగ్గి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఆ నీటినే తోడుకున్నాం. పిల్లల పళ్లకు గార, పెద్దల నడుముకు వంపు ఎందుకొచ్చాయో ఆ తర్వాత వైద్యుడు చెప్పాలి. ఆ బాధ చూసినవారికి నేను వేరే వర్ణించనక్కర్లేదు.

రసాయనశాస్త్రం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. నీటిలోని ఫ్లోరైడును తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతటా మన జిల్లా పేరే ఉంది: నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ దాన్ని రూపొందించింది. అందులో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. వీటిని తగిన పాళ్లలో కలిపి, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పితే నీటిలో తెల్లని తునకలు ఏర్పడతాయి. అవి ఫ్లోరైడును పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీటిని వంచుకోవాలి. ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యా దేశాల్లో కూడా ఈ పద్ధతిని వాడి చూశారు. పటిక, సున్నం మన వంటింటికీ వాకిలికీ తెలిసిన వస్తువులే. అవి గాజు కూజాలో ఏం చేస్తాయో వేదిక మీద చేసి చూపిస్తే ఆరో తరగతి పిల్లవాడు కూడా కళ్లార్పకుండా చూస్తాడు.

ఇలా ఒక్క వస్తువును పట్టుకుని అనేక శాస్త్రాల్లోకి నడిపించిన పెద్దమనిషి ఒకరున్నారు. ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860 చివర్లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల ముందు కొవ్వొత్తి వెలిగించి, దాని మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చారు. మంట, గాలి, నీరు, చివరికి మనం పీల్చి వదిలే ఊపిరి దాకా వెళ్లారు. ఫారడే స్వయంగా కమ్మరి కొడుకు. పుస్తకాలకు అట్టలు కట్టే పనిలో ఉండగా, ఎవరో ఇచ్చిన టికెట్లతో అదే సంస్థలో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ప్రసంగాలు విని శాస్త్రంలోకి వచ్చారు. బయటివారిని లోపలికి రానిచ్చిన ఒక సభ ఎంత పని చేసిందో చూడండి.

మన గ్లాసు దగ్గరికి వద్దాం. నల్లగొండ పక్కనే పానగల్లులో ఉదయసముద్రం చెరువు ఉంది. కందూరు చోడ రాజుల కాలపు ఆ చెరువులోకి ఈనాడు కృష్ణ నీళ్లు వస్తున్నాయి. చరిత్ర శాఖ వారు అక్కడి శాసనాల గురించి మాట్లాడితే, ఎనిమిది వందల ఏళ్ల కిందట నీటిని ఎవరు నిలిపారో, ఎవరు పంచుకున్నారో ప్రస్తావనకు వస్తుంది. చెరువుకు దగ్గర్లోనే ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పొద్దంతా కదలకుండా ఉండే స్తంభం నీడను భౌతికశాస్త్రం వివరిస్తుంది. అది నేరుగా పడే ఎండ వల్ల వచ్చినది కాదు, చెదిరి లోపలికి వచ్చే వెలుతురు వల్ల ఏర్పడే నీడ. ఆ సంగతి తెలిశాక గుడి కట్టిన శిల్పుల మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. పాలమూరులోనైతే అర్థశాస్త్రం, సమాజశాస్త్రం మాట్లాడాలి. కూలీలను గుంపులుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట వెళ్లి దేశమంతటా ఆనకట్టలు కట్టిన కూలీల సొంత పొలాలు ఎందుకు ఎండిపోయాయన్నది ఏ ఒక్క శాఖకూ లొంగే ప్రశ్న కాదు.

పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో ఏర్పడ్డాయి. ఇంటి దగ్గరికి వచ్చిన చదువు ఇంటి భాషలో వినపడాలని నా కోరిక. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువారి సంస్థగా ఆంధ్ర జన సంఘం పుట్టింది; అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. 1929లో, ముందుగా అనుమతి లేకుండా సభ పెట్టరాదని నిజాం ప్రభుత్వం గస్తీ 53 అనే ఉత్తర్వు తెచ్చింది. అయినా 1931లో మన దేవరకొండలో రెండో ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగులో సభ జరుపుకోవడానికి అంత కష్టపడిన నేల మీద, మామూలు మనిషికి అర్థంకాని ఇంగ్లీషులో సాగి, శాలువాతో ముగిసే స్మారకోపన్యాసాన్ని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఒకసారి నీటి మీద జరిగిన ప్రసంగానికి వెళ్లాను. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని వక్త చెప్పారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "సార్, మీరు లీటరు లెక్క చెప్పారు. ఎండాకాలం పొలంలో పనిచేసేవాడు రోజుకు ఎన్ని లీటర్లు తాగుతాడో అందులో కలిపారా?" అని అడిగారు. వక్త కాసేపు ఆలోచించి, అది చాలా సరైన ప్రశ్న అన్నారు. ఎండ ఎక్కువ ఉన్నచోట మనుషులు ఎక్కువ నీళ్లు తాగుతారు కాబట్టి ఒంట్లోకి చేరే ఫ్లోరైడు కూడా పెరుగుతుందని, ఏ దేశమైనా హద్దు పెట్టుకునేటప్పుడు అది చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోందని వివరించారు. ఆ గంటలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ప్రశ్న వల్లే.

అటువంటివారు రావాలంటే ఆహ్వానం ప్రాంగణం నోటీసు బోర్డు దగ్గరే ఆగిపోకూడదు. బస్టాండులో, గ్రంథాలయంలో, మండల కేంద్రాల్లో తెలుగులో కనపడాలి. ప్రశ్నలకు కనీసం అరగంట వదలాలి. మర్రిగూడ వైపు వెళ్లే చివరి బస్సు దొరికే వేళకు ఆ ప్రశ్నలు కూడా పూర్తవ్వాలి.