సూట్‌కేస్‌లో వచ్చిన టెలిస్కోప్‌కి మన డాబా మీద కొలిమేషన్

నమస్తే అండీ అందరికీ! డిసెంబర్ సెలవులకి ఇండియా వచ్చే మనవాళ్లు ఈమధ్య పిల్లల కోసం చిన్న టెలిస్కోపులు తెస్తున్నారు కదా. ఇవాళ మన ముందున్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకి దూరం), అంటే అద్దం వెడల్పుకి ఐదు రెట్లు, ఎఫ్/5. చెకిన్ బ్యాగేజీలో వచ్చిన ట్యూబ్‌లో అద్దాలు కదలకుండా ఉంటాయనుకోకండి. వాటిని మళ్లీ ఒకే వరసలోకి తేవడమే కొలిమేషన్. చంద్రుడు బాగానే కనిపిస్తాడు, గురుగ్రహం మాత్రం తోకచుక్కలా సాగిపోతుంది.

ఎఫ్/5 దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటే, ఫోకస్ దగ్గర బొమ్మ నిజంగా పదునుగా ఉండే చోటు వెడల్పు 2.8 మిల్లీమీటర్లే. అదే ఎఫ్/8 అయితే దాదాపు 11. ట్యూబ్ అడుగున ఉండే పెద్ద అద్దం కాస్త పక్కకి వాలినా ఆ చిన్న చోటు ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యలోంచి తప్పుకుంటుంది.

ముందు ట్యూబ్‌ని నేలకి సమాంతరంగా పడుకోబెట్టండి. నిలబెట్టి పనిచేస్తే చేతిలోంచి జారిన అల్లెన్ కీ (స్క్రూలు తిప్పే ఆరు పలకల తాళంచెవి) నేరుగా పెద్ద అద్దం మీదే పడుతుంది.

అద్దాల కంటే ముందు ఫోకసర్, అంటే ఐపీస్ పెట్టే గొట్టం చూడాలి. ఈ చిన్న మోడల్స్‌లో మర తిప్పితే పైకీ కిందికీ జరిగే రకం ఉంటుంది, కొంచెం ఊగుతుంది. అది ఊగుతుంటే అద్దాలు ఎంత సరిచేసినా మళ్లీ ఫోకస్ తిప్పగానే తేడా వస్తుంది. ప్లంబర్లు నల్లాలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేప్ తెచ్చి మర మీద రెండు చుట్లు వేయండి, బిగువుగా తిరుగుతుంది. ఏ పైపుల షాపులోనైనా దొరుకుతుంది.

తర్వాత చూసే మూత. అద్దాలు సరిచేయడానికి అమ్మే లేజర్ కొనేముందు ఇది చేసుకోండి, నా ఓటు దీనికే. ఫోకసర్‌కి వచ్చిన ప్లాస్టిక్ మూతకి సరిగ్గా నడిమధ్య 2 మిల్లీమీటర్ల బెజ్జం పెడితే చాలు. చవక లేజర్లు లోపలే వంకరగా ఉంటాయి. ఫోకసర్‌లో పెట్టి గుండ్రంగా తిప్పి చూడండి: అద్దం మీద ఎర్ర చుక్క ఒకేచోట నిలబడకుండా సున్నా చుడుతుంటే ఆ లేజర్ చెప్పేది నమ్మడానికి లేదు.

ఇప్పుడు చిన్న అద్దం, సెకండరీ. ఫోకసర్‌కి ఎదురుగా ట్యూబ్ లోపల ఒక తెల్ల కాగితం, రెండు అద్దాల మధ్య ఒక రంగు కాగితం పెట్టండి. అప్పుడు సెకండరీ అంచు స్పష్టంగా కనిపిస్తుంది. అది ఫోకసర్ కింద గుండ్రంగా, మధ్యలో ఉందా? కొద్దిగా అటూ ఇటూ ఉంటే వదిలేయండి. దానివల్ల అంచుల్లో వెలుతురు కాస్త తగ్గుతుందేగానీ బొమ్మ పదును పోదు. చాలామంది ఇక్కడే గంట గడిపేస్తారు, అనవసరం.

రంగు కాగితం తీసేసి వంపు సరిచేద్దాం. మూడు చిన్న స్క్రూలుంటాయి, సాధారణంగా 2 మిల్లీమీటర్ల అల్లెన్ కీ పడుతుంది. ఒకటి పావు తిప్పు వదులు చేసి, ఆ తర్వాతే మిగతావి బిగించండి. మధ్య బోల్టు మాత్రం పూర్తిగా విప్పొద్దు, సెకండరీ ఊడి చేతికొస్తుంది. బెజ్జంలోంచి చూస్తే పెద్ద అద్దాన్ని పట్టుకున్న మూడు క్లిప్పులూ కనబడాలి, అద్దం మధ్యలో అంటించిన రింగు కూడా నడిమధ్యకి రావాలి.

ఇక పెద్ద అద్దం. బొమ్మని నిజంగా మార్చేది ఇదే. ఒకరు బెజ్జంలోంచి చూడాలి, ఇంకొకరు వెనక నాబ్ తిప్పాలి.

“బాబాయ్, కుడిపక్క నాబ్ కొంచెం తిప్పండి.”
“ఎటువైపు రా?”
“ఎటైనా పర్లేదు బాబాయ్, దూరం పోతే వెనక్కి తిప్పుదాం.”

బెజ్జం ప్రతిబింబం చిన్న చుక్కలా కనిపిస్తుంది. అది రింగు మధ్యలోకి వచ్చేదాకా తిప్పండి. లాక్ స్క్రూలుంటే మూడూ కొంచెం కొంచెంగా బిగిస్తూ లోపల చూస్తూనే ఉండండి, బిగించేటప్పుడే చుక్క జరిగిపోతుంది.

చివరగా నక్షత్రంతో పరీక్ష. విదేశాల్లో మనవాళ్లు ధ్రువ నక్షత్రం పట్టుకుంటారు, దాదాపు కదలదు కాబట్టి. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పొగ, అపార్ట్‌మెంట్లు, వాటర్ ట్యాంకుల పైనుంచి వచ్చే వేడిగాలి, అన్నీ దాని దారిలోనే. మనకి రోహిణి నక్షత్రం మేలు. జనవరి మొదట్లో రాత్రి 9 గంటలకి బాగా ఎత్తుగా ఉంటుంది, 10 దాటాక దాదాపు నడినెత్తి మీదికొస్తుంది. సరిగ్గా నెత్తి మీద ఉన్నప్పుడు ఈ స్టాండ్ తిప్పడం కష్టం, అందుకే 9కే మొదలుపెట్టండి. వేసవిలో అయితే స్వాతి నక్షత్రం.

ట్యూబ్‌ని ముందే డాబా మీద అరగంట, ముప్పావుగంట ఉంచండి. గదికీ బయటికీ వేడిలో తేడా ఉన్నంతసేపూ బొమ్మ వణుకుతూనే ఉంటుంది. 5 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 130 రెట్లు. నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ కొంచెం తప్పించండి, చుక్క విచ్చుకుని వెలుతురు రింగులుగా కనిపిస్తుంది. రింగులన్నీ ఒకదానిలో ఒకటి సమంగా ఉంటే అయిపోయినట్టే. ఒకవైపు ఒత్తుకుని ఉంటే వెనక నాబ్ చాలా కొద్దిగా, నిమిషాల ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత, తిప్పండి. తిప్పగానే నక్షత్రం పక్కకి పోతుంది. మళ్లీ మధ్యలోకి తెచ్చాకే రింగుల్ని చూడాలి, పక్కన ఉంటే బాగున్న టెలిస్కోప్‌లో కూడా వంకరగానే కనిపిస్తాయి.

రేపు మళ్లీ మెట్లెక్కించినప్పుడు ఇదంతా మొదట్నుంచీ చేయక్కర్లేదు. మూత పెట్టి చుక్క రింగులో ఉందో లేదో చూసుకుంటే చాలు. సెకండరీ సాధారణంగా కదలదు.